తేజాబ్ డ్రమ్ము, బకెట్ నీళ్లు

ధూల్‌పేట్‌లో మహేశ్వరికి ఉన్న విలువ ఆమె పనిచేసే కాలేజీలో లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే సాయంత్రం సొంత గల్లీలోకి మలుపు తిరగగానే ఆమె నడకే మారిపోయేది.

శాలిబండ దగ్గరి ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఆమె ఇరవై రెండేళ్లుగా కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్. పరీక్షనాళికలు కడగడం, సీసాలకు చీటీలు అంటించడం, పిల్లలు ఒలకబోసింది తుడవడం, లెక్చరర్ చెయ్యి చాపితే కావలసిన సీసా ఆ చేతిలో పెట్టడం ఆమె పని. అక్కడ ఆమె నోరు విప్పే అవసరం ఏడాదికి నాలుగుసార్లు కూడా రాదు. గల్లీలో మాత్రం ఆమె మాటే శాస్త్రం. ఇన్వర్టర్ బ్యాటరీలో ఏ నీళ్లు పోయాలో ఆమెనే అడుగుతారు. పక్కింటి విమలాదేవి ఒకసారి బాత్రూమ్ యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ కలపబోతుంటే, చేతిలో చీపురు చేతిలోనే ఉండగా ఉరికి ఆపింది మహేశ్వరే. "అది కలిపితే విషం లేస్తది వదినా, పానం వోతది" అని ఆ రోజు ఆమె అన్న మాట ఇప్పటికీ గల్లీలో చెప్పుకుంటారు.

నాలుగు ముక్కలు తెలిసినవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. అడిగినదానికి తెలియదని చెప్పలేరు. మహేశ్వరికి ఆ జబ్బు బాగా ముదిరింది. పాపం, కాలేజీలో ఎవరూ ఏమీ అడగకపోతే మనిషి ఎక్కడో ఒకచోట జవాబులు చెప్పుకోవాలి కదా.

ఆమె పాండిత్యానికి లొంగనివాడు ధూల్‌పేట్ మొత్తంలో ఒక్కడే. అతను ఆమె మామ దుర్గయ్య. అరవై ఎనిమిదేళ్ల వెల్డర్. వినాయక విగ్రహాల కింద ఇనుప చట్రాలు, బండ్లు చేయడంలో అతని చేతికి సాటి లేదు. యాభై ఏళ్లు ఇనుము మీద సుత్తె వేసీ వేసీ చెవులు రెండూ పోగొట్టుకున్నాడు. మిషను పెట్టించుకోమంటే "నాకేం వినాలని లేదు" అంటాడు. కోడలితో నేరుగా మాట్లాడే అలవాటు లేదు. ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నా భార్య ఆగమ్మ వైపు తిరిగి "ఆమెకు చెప్పు, చాయ్‌ల చక్కెర తక్కువైంది" అనేవాడు. అసలే వినపడని మనిషి, మధ్యలో మళ్లీ ఒక దుబాసీ! మహేశ్వరి భర్త మహేందర్ లారీ డ్రైవర్, నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే. కాబట్టి ఆ ఇంట్లో మాటలన్నీ ఆగమ్మ మీదుగానే నడిచేవి.

అలాంటి దుర్గయ్య ఒక గురువారం సాయంత్రం, వినాయక చవితికి పదహారు రోజులు ఉన్నాయనగా, కాలేజీ నుంచి వస్తున్న కోడలిని తన వెల్డింగ్ షెడ్డు ముందు ఆపాడు. ఆ రోజు జుమ్మెరాత్ బజార్ పాత సామాన్ల సంతలో ఒక పెద్ద ఇనుప డ్రమ్ము కొనుక్కొచ్చాడు. శివుడి జటలోంచి గంగ దూకే విగ్రహం ఒకటి తయారవుతోంది. కింద నీళ్లు పట్టే తొట్టి కావాలి. డ్రమ్మును నిలువుగా కోస్తే తొట్టి అవుతుంది.

"గీ డ్రమ్ముల తేజాబ్ ఉండెనంట," అన్నాడు దుర్గయ్య, యాసిడ్‌ను గల్లీలో పిలిచే పేరుతో. "గంధకం తేజాబ్. అడుగున ఇంక రెండు మూడు గిలాసలంత ఉన్నట్టున్నది, కదుపుతె గలగలమంటున్నది. నువ్వు గా తేజాబ్‌ల నడుమనే ఉంటవ్ గద. కోసే ముందుగాల ఏం జెయ్యాలె?"

మహేశ్వరి చుట్టూ చూసింది. ఆగమ్మ అక్కడ లేదు. అడిగింది తననే. ఇరవై రెండేళ్ల కాపురంలో మామ తనను ఒక మాట అడగడం ఇదే మొదటిసారి. ఒళ్లంతా పొంగిపోయింది. ఆలోచించడానికి ఒక్క నిమిషం తీసుకోవాలని కూడా తోచలేదు.

"ఏం ఫికర్ లేదు మామా!" అని అతని చెవి దగ్గర గట్టిగా చెప్పింది. "పైపు వెట్టి ఓ బకెట్ నీళ్లు ఇడువుండ్రి. ముఖం దూరం వెట్టుకోండ్రి, ఉడుకు తన్నుతది. మల్ల బిరడ గట్టిగ బిగించి నాలుగు దిక్కుల దొర్లించుండ్రి. రాత్రంత అట్లనే ఉంచి, తెల్లారి పారబోస్తె సాఫ్ అయితది."

అది ఆమె కల్పించి చెప్పింది కాదు. ల్యాబులో ఖాళీ అయిన యాసిడ్ సీసాలను ఆమె ఎన్నో వందలసార్లు సరిగ్గా అలాగే కడిగింది. నీళ్లు పోసి, మూత బిగించి, కుదిపి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే వంచేస్తే సీసా అద్దంలా మెరిసేది. దుర్గయ్య తల ఊపాడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఆ రాత్రి అన్నం దగ్గర "ఆమెకు చెప్పు" అన్న మాట రాలేదు. "మహేశ్వరీ, ఇంకింత పప్పు వెయ్యి" అన్నాడు. ఆగమ్మ ఆశ్చర్యంతో గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

శుక్రవారం పొద్దున మహేశ్వరి కాలేజీకి బయలుదేరేసరికి దుర్గయ్య బిరడాతో కుస్తీ పడుతున్నాడు. అది బిగుసుకుపోయి తిరగడం లేదు. డ్రమ్ము మూత కొంచెం పైకి ఉబ్బినట్టుంది. లోపల ఎక్కడో టక్కుమంది. ఎండకు రేకు సాగుతోందేమో అనుకుంది మహేశ్వరి. పెద్ద విగ్రహాలకు అడ్డొచ్చే కరెంటు తీగలను సరిచేస్తున్నారని ఆ రోజు తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా గల్లీలో కరెంటు లేదు.

"బిరడ రాకుంటే రాకపాయె," అని దుర్గయ్య పానా పక్కన పడేశాడు. "పన్నెండున్నరకు కరెంటొస్తది. రాంగనే గ్రైండర్ వెట్టి పైనుంచి కోస్త. నీళ్లు అవే పోతయి."

"మంచిది మామా," అంది మహేశ్వరి. అని బస్సెక్కింది.

పదకొండు గంటలకు ఫస్టియర్ పిల్లలకు డెమాన్‌స్ట్రేషన్. చెప్పేది కీర్తిప్రియ, కిందటి నెల చేరిన లెక్చరర్. పాతికేళ్లు దాటి ఉండవు. పాఠాన్ని పుస్తకంలోంచి కాకుండా బల్ల మీది వస్తువులతో చెప్పడం ఆమెకు ఇష్టం. మహేశ్వరి ముందే బంతులు, పుల్లలు తెచ్చి బొమ్మ కట్టి పెట్టింది. మధ్యలో పసుపు బంతి, అది గంధకం. దాని చుట్టూ నాలుగు ఎర్ర బంతులు, అవి ఆక్సిజన్. వాటిలో రెండింటికి చెరొక చిన్న తెల్ల బంతి, అవి హైడ్రోజన్. సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఇరవై రెండేళ్లుగా ఆ బొమ్మను కళ్లు మూసుకుని కట్టగలదు. ఆ తెల్ల బంతులు ఎందుకు చివరన ఉన్నాయో మాత్రం ఆమె ఎన్నడూ అడగలేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"దీన్ని యాసిడ్ అంటున్నాం," అంది కీర్తిప్రియ. "యాసిడ్‌గా పని చేసేది ఈ తెల్ల బంతి. కానీ చూడండి, ఇది ఆక్సిజన్‌ను పట్టుకుని కూర్చుంది. రెండూ ఎలక్ట్రాన్లను పంచుకుంటున్నాయి. ఊరికే వదిలిపెట్టి రాదు. వచ్చి తీసుకెళ్లేవాళ్లు ఉండాలి. ఎవరు తీసుకెళ్తారు?"

"వాటర్ మేడమ్!" అన్నారు ఒకరిద్దరు.

"కరెక్ట్. నీళ్లు వచ్చాకే హైడ్రోజన్ విడిపోయి బయటపడుతుంది. అప్పటిదాకా ఈ గాఢమైన యాసిడ్ వేరే రకంగా ప్రమాదమే, చర్మాన్ని మాడ్చేస్తుంది. కానీ ఇనుముతో ఎలా ఉంటుందో చూద్దాం. ఆంటీ, రెండు మేకులు ఇవ్వండి."

మహేశ్వరి రెండు ఇనుప మేకులు ఇచ్చింది. ఒక నాళికలో చిక్కటి ఆమ్లం, ఇంకో దానిలో నీళ్లు కలిపిన ఆమ్లం. చిక్కటిదానిలో పడ్డ మేకు కదలకుండా పడి ఉంది. నీళ్లు కలిపినదానిలో మేకు చుట్టూ బుడగలు పుట్టి జరజరా పైకి లేచాయి. కీర్తిప్రియ అగ్గిపుల్ల వెలిగించి ఆ నాళిక మూతి దగ్గర పెట్టింది. టప్ మని పేలింది. పిల్లలు నవ్వారు. మహేశ్వరి కూడా నవ్వింది, ఆ చప్పుడు ఆమెకు ఏటా అలవాటే.

"ఇప్పుడు పేలింది హైడ్రోజన్ గ్యాస్," అంది కీర్తిప్రియ. "చిక్కటి యాసిడ్‌లో ఇనుము మీద ఒక పొర కట్టుకుంటుంది, అది ఇనుమును కాపాడుతుంది. అందుకే ఫ్యాక్టరీలకు ఈ యాసిడ్‌ను ఇనుప డ్రమ్ముల్లోనే పంపిస్తారు. డ్రమ్ముకేం కాదు. కానీ నీళ్లు తగిలాయా, ఆ పొర కరిగిపోతుంది, హైడ్రోజన్ విడిపోతుంది, డ్రమ్మును తినడం మొదలుపెడుతుంది."

మహేశ్వరి చేతిలోని నీళ్ల సీసా బల్ల మీద పడి దొర్లింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆమెకు పొద్దున చూసిన ఉబ్బిన మూత కళ్ల ముందు నిలిచింది. టక్కుమన్న చప్పుడు చెవిలో మళ్లీ వినిపించింది. తాను వందల సీసాలు కడిగింది నిజమే. కానీ అవన్నీ గాజువి! గాజును యాసిడ్ ముట్టుకోదు. తాను చెప్పిన మాట గాజుకు సరిపోయింది, మామ చేతిలో ఉన్నది ఇనుము.

"మేడమ్," అంది.  తరగతిలో అటెండర్ మాట్లాడటం చూసి పిల్లలందరూ తలలు తిప్పారు. "మేడమ్, గట్ల నీళ్లు వోసి... మూత గట్టిగ పెట్టి ఓ రాత్రి ఉంచితె?"

"గ్యాస్ ఎక్కడికి పోతుంది ఆంటీ? లోపలే నిండుతుంది. ఒక్క నిప్పురవ్వ పడితే బాంబే," అని కీర్తిప్రియ ఆమె ముఖం చూసి ఆగింది. "ఏమైంది?"

మహేశ్వరి గోడ గడియారం చూసింది. పదకొండూ నలభై. కరెంటు రావడానికి యాభై నిమిషాలు. "మా మామ కోస్తడు మేడమ్" అని మాత్రం అనగలిగింది. అని వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగింది.

దిగుతూనే దుర్గయ్యకు ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. వినపడని మనిషి చొక్కా జేబులో ఫోన్ మోగితే ఏం, మోగకపోతే ఏం! మళ్లీ చేసింది. మూడోసారి ఆగమ్మకు చేసింది. ఆగమ్మ ఇంట్లోనే ఉంది.

"అత్తమ్మా, మామను డ్రమ్ము ముట్టద్దని చెప్పు! కరెంటొచ్చినంక గ్రైండర్ పెట్టద్దు! పేలుతది!"

"ఏందే పేలేది? అయ్యో... ఆగు, నేనే పోయి చెప్త."

"నువ్వు దగ్గరికి పోకు, దూరంనుంచే..."

ఫోన్ అప్పటికే పెట్టేసింది. ఆగమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇంటి నుంచి షెడ్డుకు రెండు వందల అడుగులు నడవడానికి ఆమెకు పావుగంట పడుతుంది. ఇప్పుడు డ్రమ్ము దగ్గరికి ఒకరు కాదు, ఇద్దరు. మహేశ్వరి తన తలను తానే రోడ్డుకేసి కొట్టుకోవాలన్నంత కోపంతో ఆటో ఆపింది.

"భాయ్, పురానాపూల్! జల్దీ!"

"జుమ్మా హై అమ్మా, చార్మినార్ తరఫ్ సే నహీ హోతా," అన్నాడు డ్రైవర్. శుక్రవారం నమాజు వేళ చార్మినార్ వైపు దారి దొరకదు. "హుస్సేనీ ఆలం నుంచి దూద్‌బౌలి మీదికెల్లి పోదాం."

"ఎట్లన్న పో. ఇంట్ల పానం మీదికొచ్చింది."

ఆ మాటకు అతను ఇంకేమీ అడగలేదు. నమాజుకు వెళ్తున్న తెల్ల కుర్తాల మధ్య నుంచి, బండి మీద జామకాయలమ్మే మనిషిని రాసుకుంటూ, ఒక సందులోంచి ఇంకో సందులోకి ఆటో దూరింది. మహేశ్వరి ముందు కడ్డీ పట్టుకుని కూర్చుంది. మామ చచ్చిపోతే? ఆ ఆలోచన వచ్చిన వెంటనే దాని వెనకే ఇంకొకటి వచ్చింది. ఒక్కసారి అడిగాడు. బతుకులో ఒకేఒక్కసారి నోరు తెరిచి నన్ను అడిగాడు. తెలియదని చెప్పి ఉంటే ఏం పోయేది? రేపు చూసి చెప్తనంటే పోయేదేముంది?  

పన్నెండూ పదికి ఆగమ్మ ఫోన్ వచ్చింది. రొప్పుతోంది.

"చెప్పినే. వింటలేడు. 'నిన్న కడుగుమన్నది ఆమెనే, ఇయ్యాల వద్దనేది ఆమెనేనా? ఆమె చెప్పినట్టే చేసిన, సాఫ్ అయ్యింది' అంటుండు. ఆడోళ్ల మాట పూటకో తీరట! నేను గీన్నే కూసున్న, నా కాళ్లు లేస్తలెవ్వు."

"అత్తమ్మా, నువ్వు బయటికి రా. రోడ్డు మీదికి రా!"

"ఆయన్ను ఇడిసిపెట్టి ఎట్ల రావాలె?" అంది ఆగమ్మ. 

పురానాపూల్ వంతెన దగ్గర ఆటో ఆగిపోయింది. ముందు ఒక లారీ మీద పన్నెండడుగుల విగ్రహం, దాని చుట్టూ బ్యాండు, దాని వెనక బస్సులు. పన్నెండూ ఇరవై రెండు. మహేశ్వరి దిగింది. డ్రైవర్ చేతిలో నోటు పెట్టి చిల్లర కోసం ఆగకుండా వంతెన మీద పరుగెత్తింది. నలభై ఆరేళ్ల మనిషి, చీరలో, చెప్పులు ఎప్పుడు జారిపోయాయో తెలియదు. జుమ్మెరాత్ బజార్ దాటేటప్పుడు ఆయాసంతో ఒక చాయ్ హోటల్ గోడ పట్టుకుంది. లోపల ఆగి ఉన్న ఫ్యాను ఒకసారి వణికి, మెల్లగా తిరగడం మొదలుపెట్టింది.

కరెంటు వచ్చింది. గడియారం ఇంకా పన్నెండూ ఇరవై ఏడే. ఏ పనీ చెప్పిన వేళకు చెయ్యని కరెంటువాళ్లు ఈ ఒక్క రోజు మూడు నిమిషాలు ముందుగా చేశారు!

ఆమె మలుపు తిరిగేసరికి గల్లీ అంతా ఒక్కసారిగా మోత మొదలుపెట్టింది. రంగులు కొట్టే కంప్రెసర్లు, డ్రిల్లింగ్ మిషన్లు, గ్రైండర్లు. వాటిలో మామ గ్రైండర్ ఏదో తెలియడం లేదు. పరుగెడుతూనే "ఆపుండ్రి! మా మామను ఆపుండ్రి!" అని అరిచింది. ఆ మోతలో ఆమె అరుపు ఆమెకే వినపడలేదు.

షెడ్డు ముందుకు వచ్చింది. డ్రమ్మును అడ్డంగా పడుకోబెట్టి అటూ ఇటూ ఇటుకలు పెట్టారు. దాని వీపు మీద సుద్దతో గీసిన తెల్లటి గీత. రెండు వైపుల మూతలూ కుండ అడుగుల్లా బయటికి పొంగి ఉన్నాయి. ఆగమ్మ నాలుగడుగుల దూరంలో స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ ఊపుతోంది. దుర్గయ్య నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఆమెకు వీపు తిప్పి వంగి ఉన్నాడు. అతని చేతిలో గ్రైండర్ బిళ్ల గిర్రున తిరుగుతోంది. అది గీతకు జానెడు పైన ఉంది.

వెళ్లి భుజం పట్టుకుంటే ఉలిక్కిపడి బిళ్లను డ్రమ్ము మీద పెట్టేస్తాడు. మహేశ్వరి అతని వైపు వెళ్లలేదు. ద్వారం పక్క గోడకున్న మెయిన్ స్విచ్చును రెండు చేతులతో పట్టి కిందికి లాగింది.

బిళ్ల తిరుగుడు తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ ఆగింది.

"మల్ల వాయె కరెంటు!" అని దుర్గయ్య విసుక్కుంటూ నిటారుగా లేచి, గ్రైండర్ కింద పెట్టి, కళ్లద్దాలు పైకి నెట్టాడు. అప్పుడు కనిపించింది అతనికి కోడలు. కాళ్లకు చెప్పులు లేవు, జుట్టు ముడి ఊడిపోయింది, స్విచ్చును ఇంకా వదలలేదు.

"గ్యాస్ నిండింది మామా!" అని అతని చెవిలో అరిచింది. "నిప్పురవ్వ తగిలితె పేల్తది! బయటికి రాండ్రి!"

దుర్గయ్య ఆమెను చూశాడు, డ్రమ్మును చూశాడు. ఇనుముతో యాభై ఏళ్లు బతికిన మనిషికి పొంగిన రేకు అర్థం ఇప్పుడు తెలిసింది. వెంటనే వెళ్లి ఆగమ్మను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని రోడ్డు మీదికి నడిచాడు.

చుట్టుపక్కల షెడ్లవాళ్లు పోగయ్యారు. ఒకడు బీడీ వెలిగించబోతే విమలాదేవి వాడి చేతిలోని అగ్గిపెట్టె లాక్కుని మురుగు మోరీలోకి విసిరింది. దుర్గయ్య కోడలి దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడేం జెయ్యాలె?" అని అడిగాడు. "బిరడ మీద సుత్తెతోని కొట్టి ఇప్పుదునా? పైనుంచి నీళ్లు గుమ్మరిద్దునా?"

మహేశ్వరి నోటిదాకా ఒక జవాబు వచ్చింది. అది ల్యాబు జవాబే. పెదవి కదిలింది కూడా. ఆపుకుంది.

"నాకు తెల్వది మామా," అంది. ఆ మాట బయటికి రావడానికి పురానాపూల్ నుంచి పరుగెత్తినంత ఆయాసం వచ్చింది. "తెల్వది. అడిగి చెప్త. అప్పటిదాక ఎవ్వరిని దగ్గరికి రానియ్యకుండ్రి."

కీర్తిప్రియ ఒక్క రింగుకే ఎత్తింది. ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చుందట. "ఏమీ ముట్టుకోకండి ఆంటీ, ఫైర్ వాళ్లకు చెప్పండి, ఏ యాసిడో, ఎంతుందో స్పష్టంగా చెప్పండి" అంది.

ఫైర్ ఇంజన్ ఆ గల్లీలోకి రావడానికి ముప్పావుగంట పట్టింది. వచ్చినవాళ్లు గల్లీని రెండు వైపులా తాడు కట్టి ఖాళీ చేయించారు. డ్రమ్ము మీద దూరం నుంచి నీళ్లు చిమ్ముతూ ఉంటే, ఒకతను నిప్పురవ్వ లేవకుండా ఇత్తడి పానాతో చిన్న బిరడాను వెంట్రుకవాసి చొప్పున తిప్పాడు. బుస్సుమంటూ గాలి తోసుకొచ్చింది. ఆ బుస ఎంతసేపటికీ ఆగలేదు.  పొంగిన మూతలు నెమ్మదిగా లోపలికి దిగాయి. అంతా అయ్యాక లోపలి నీళ్లను సున్నంలోకి వంచారు. అవి పచ్చటి మురికిగా ఉన్నాయి.

ఆఫీసర్ ప్యాడ్ తీశాడు. "కోసుంటె ఈ షెడ్డు లేదు, పక్క షెడ్డు లేదు," అన్నాడు. "తేజాబ్ డ్రమ్ముల నీళ్లు వోసి మూత బిగించమని ఎవరు చెప్పిన్రు?"

మహేశ్వరి కంటే ముందు ఆగమ్మ అందుకుంది. "అమ్మినోడే సార్! గా జుమ్మెరాత్ బజార్ల అమ్మినోడే గట్ల కడుగుమన్నడట!"

అబద్ధం ఆమె నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందంటే ఒక్క క్షణం మహేశ్వరికే నిజమనిపించింది. గుంపులో అప్పుడే ఇద్దరు ముగ్గురు చొక్కా చేతులు పైకి మడిచారు. "వాని దుకాణం నాకెరుక, పాండ్రి, వాని సంగతి చూద్దాం" అన్నాడొకడు. ఆగమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది, నోరు తెరవకు అన్నట్టు. తెరవకపోతే ఏమీ కాదు. గల్లీలో ఆమె పేరు నిలుస్తుంది. పైగా ఇప్పుడు పరుగెత్తి వచ్చి కాపాడిన మనిషి. ఎవరో పాత సామాన్లవాడు నాలుగు దెబ్బలు తింటాడు, అంతే.

మహేశ్వరి ఆ చెయ్యి విడిపించుకుంది.

"వాడు గాదు సార్. నేను చెప్పిన."

గుంపు ఆమె వైపు తిరిగింది. "నేను కాలేజీ ల్యాబుల చేస్త. మేము గాజు సీసాలు గట్లనే కడుగుతం. ఇనుముకు గూడ గట్లనే అనుకున్న. అడిగితె తెల్వదని చెప్పక తెలిసినట్టు చెప్పిన. ఇగో, ఇక్కడున్నోళ్లందరు ఇనుండ్రి, తేజాబ్ ఉన్న ఇనుప డ్రమ్ముల నీళ్లు వోసి మూత పెట్టకుండ్రి. నేను చెప్పింది తప్పు."

 విమలాదేవి తల దించుకుంది. జనం నోళ్లు కదలడం ఆగిపోయేసరికి దుర్గయ్యకు ఏదో జరిగిందని అర్థమైంది.

"ఏమంటున్నది?" అని ఆగమ్మను అడిగాడు.

"ఏం లేదు," అంది ఆగమ్మ.

మహేశ్వరి వెళ్లి అతని ముందు నిలబడింది.  మామూలుగా చెబితే వినపడదు. గల్లీ అంతటికీ రెండోసారి వినపడేలా, అతని చెవి దగ్గర గొంతు చించుకుని చెప్పింది. "నిన్న నేను చెప్పింది తప్పు మామా! నా మాట ఇని నువ్వు సచ్చిపోతుంటివి!"

 దుర్గయ్య చూపు ఆమె కాళ్ల మీదికి దిగింది. ఎడమ పాదం ఎక్కడో కోసుకుపోయి రక్తం మట్టితో కలిసి గట్టిపడింది. అది ఆమె ఇప్పటిదాకా చూసుకోనే లేదు.

"గిది చెప్పనీకె గంత దూరం నుంచి ఉరికొచ్చినవా?"

"అవు మామా."

అతను ఆఫీసర్ వైపు తిరిగాడు. చెవిటివాళ్లు మాట్లాడినట్టే, అవసరానికి మించిన పెద్ద గొంతుతో అన్నాడు. "రాసుకో సార్. నా కోడలు చెప్పింది, నేను చేసిన. నా కోడలు ఆపింది, నేను బతికిన. రెండు రాసుకో. ఒకటి రాసి ఒకటి ఇడిసిపెట్టకు."

ఆఫీసర్ పెన్ను పైకెత్తి కోడలి పేరు అడిగాడు. మహేశ్వరి చెప్పబోతుంటే దుర్గయ్యే చెప్పాడు.